గంట కిందటి గోడ

గోడ గది, క్వారీ గట్టు
సోమవారం

అక్కా,

నువ్వు పంపిన స్వెట్టర్ లారీ డ్రైవర్ బాబాయ్ భద్రంగా తెచ్చిచ్చాడు. చేతులు వేళ్ళ దాకా వచ్చాయి. నేనింకా ఎదుగుతున్నాననుకున్నావు కాబోలు.

గోడ గది అంటే ఏంటని పాప అడిగిందన్నావుగా, దానికి ఇలా చెప్పు. క్వారీ అంటే పెద్ద గొయ్యి. గొయ్యికి ఒక పక్క కొండను నిలువునా కోసిన గోడ ఉంటుంది. ఆ గోడ కింద మీ నాన్న, ఆయన మనుషులు రాయి తీస్తుంటారు. ఎదురు గట్టు మీద ఒక గదిలో మీ మావయ్య కూర్చుని, గోడ వైపు రాడార్ తిప్పి పెట్టి, ఆ గోడ వెంట్రుకవాసి కదిలినా కంప్యూటర్‌లో చూసి సైరన్ మోగిస్తాడు. మావయ్య చాలా గొప్పవాడని కూడా చెప్పు, అడక్కపోయినా.

ఇక అసలు సంగతి. ఈ గదిలో ఉన్న కంప్యూటర్ ఒట్టి నత్త. కొత్తది కావాలని పై ఆఫీసుకి రాస్తే ఉన్నదాంతో సర్దుకోమన్నారు. సరే, మన చేతిలో పనే కదా అని ఓవర్‌క్లాక్ చేసి ఉన్న వేగాన్నే పెంచేద్దామనుకున్నాను. బయోస్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి వేగం పెంచే మల్టిప్లయర్ నలభై నాలుగు పెట్టాను. ఆపి మళ్ళీ ఆన్ చేశాను. ఏమీ మారలేదు. మళ్ళీ బయోస్ తెరిచి చూస్తే నలభై నాలుగు అక్కడే బుద్ధిగా కూర్చుని ఉంది. బయటికొస్తే మాత్రం అదే నత్తనడక. చెప్పిన మాటకి తలూపి, మనం అటు తిరగ్గానే తన పని తాను చేసుకునే మనిషిలా ఉంది వ్యవహారం.

పేలుడు మందు వల్ల ఫోన్లు గేటు దగ్గరే పెట్టేయాలి, క్వార్టర్సులో సిగ్నల్ లేదు, ఈ గదికి ఇంటర్నెట్ లేదు. నా ఇంటర్నెట్టూ నువ్వే, మెకానిక్కూ నువ్వే. ఏం చూడాలో రాసి గురువారం లారీకి ఇచ్చెయ్.

బావ బాగున్నాడు.

నీ తమ్ముడు


షాపు
బుధవారం

తమ్ముడూ,

స్వెట్టర్ చేతులు మడుచుకో. ఆ మాత్రం తెలివి లేకుండానే ఓవర్‌క్లాకులకి దిగావా?

ముందు సేవ్ చేసి బయటికొచ్చావో, ఎస్కేప్ కొట్టి వచ్చేశావో గుర్తు తెచ్చుకో. అంకె అక్కడే ఉందంటున్నావు కాబట్టి సేవ్ అయ్యే ఉంటుంది. అయినా అడగడం నా ధర్మం. మా షాపుకొచ్చే వాళ్ళలో సగంమంది ప్లగ్గు పెట్టకుండా కంప్యూటర్ పాడైందంటారు. తర్వాత, బోర్డు మీద బిళ్ళలాంటి చిన్న బ్యాటరీ ఉంటుంది. అది చచ్చిపోతే మనం పెట్టినవన్నీ మర్చిపోతుంది, తారీఖు కూడా వెనక్కి పోతుంది. తారీఖు సరిగ్గా చూపిస్తోందా? ప్రాసెసర్ వేగం పెంచుకోనిచ్చే రకమా కాదా, దాని పేరు చివర అక్షరం ఏమిటో రాయి. వేడెంత ఉందో కూడా రాయి. అన్నిటికంటే ముఖ్యం, వేగం ఎంతుందో అంకె రాయి. 'ఏమీ మారలేదు' అంటే నేనేం చేసుకోను? అది కూడా కంప్యూటర్ లెక్క కడుతున్నప్పుడు చూసి రాయి. పని లేనప్పుడు ఏ ప్రాసెసరైనా కునుకు తీస్తూనే ఉంటుంది.

అయినా గోడను చూడ్డానికి అంత తొందర దేనికిరా? గోడేమైనా పారిపోతుందా? ఆటలేమైనా ఎక్కించావేమో అని నా అనుమానం. ఎక్కిస్తే ఎక్కించావు గానీ నాతో అబద్ధం ఆడకు.

మీ బావ ఉత్తరం రాసి మూడు లారీలు వెళ్ళిపోయాయి. నువ్వేమో 'బావ బాగున్నాడు' అని రెండు మాటల్లో తేల్చేశావు. నీ నోట్లో నువ్వుగింజ నానదని నాకు తెలుసు. అలాంటివాడివి ఇంత క్లుప్తంగా రాశావంటే నాకేమీ నచ్చలేదు.

అక్క


గోడ గది
శనివారం

అక్కా,

ఆటలేమీ లేవు. ఒట్టు.

అన్నీ చూశాను. సేవ్ చేశాను. తారీఖు సరిగ్గానే ఉంది. ప్రాసెసర్ పెంచుకోనిచ్చే రకమే, పేరు చివర 'కె' అని ఉంది. వేడి పెద్దగా లేదు, చెయ్యి పెడితే పెట్టె గోరువెచ్చగా ఉంది, అంతే. ఇంత పని చేస్తూ ఇంత చల్లగా ఎలా ఉందా అని నాకే ఆశ్చర్యమేసింది. లెక్క కడుతున్నప్పుడు వేగం రెండు పాయింట్ ఒకటి గిగాహెర్ట్జ్. గంటసేపు కళ్ళార్పకుండా చూశాను. రెండు పాయింట్ ఒకటే. అటూ కదల్లేదు, ఇటూ కదల్లేదు.

తొందర దేనికని అడిగావు. చెప్పకూడదనుకున్నాను, చెప్పేస్తున్నాను. రాడార్ గోడంతా ఒకసారి చూసి పంపిస్తే, ఆ లెక్క తేల్చడానికి కంప్యూటర్‌కి ఇదివరకు పావుగంట పట్టేది. పోయిన నెల రెండో రాడార్ పెట్టారు. పని రెండింతలైంది, అరగంట పడుతుందిలే అనుకున్నాను. దాదాపు గంట పడుతోంది. అంటే నేను తెర మీద చూసేది ఇప్పటి గోడ కాదక్కా, గంట కిందటి గోడ. తెర పచ్చగా ఉంటుంది, కింద మనుషులు పని చేస్తుంటారు. ఈ నిమిషంలో గోడ ఏం చేస్తోందో నాకు తెలియదు. నన్ను ఇక్కడ కూర్చోబెట్టిందే అది తెలుసుకోవడానికి.

ఇంకొకటి కూడా దాచాను. రెండు వారాల కిందట గోడ పైనుంచి ఒక పెచ్చు ఊడిపడింది. కింద పొక్లెయిన్ ఉంది. దాని ఆపరేటర్‌ని ఇక్కడందరూ పెద్దాయన అంటారు, బావ ఒకసారి ఇంటికి కూడా తీసుకొచ్చాడు, పాపకి కాగితంతో పిట్ట చేసిచ్చాడు, గుర్తుందా? ఆయన కుడికాలు మోకాలి దాకా తీసేశారు. నేను సైరన్ మోగించలేదు. మోగించడానికి తెర మీద ఏమీ లేదు. పెచ్చు పడ్డాక పది నిమిషాలకి తెర ఎర్రబడింది.

మేనేజర్ ఏం రాశాడో తెలుసా? పెద్దాయన క్యాబిన్‌లో నిద్రపోయాడట, మెలకువగా ఉంటే పైనుంచి మట్టి రాలడం చూసి వెనక్కి వచ్చేవాడట. పెచ్చు పడేదాకా ఆ పొక్లెయిన్ చెయ్యి ఆడుతూనే ఉంది, కిటికీలోంచి నేను చూశాను. విచారణకి మనుషులొస్తారు, వాళ్ళకీ అదే చెబుతారు. నేను చూడ్డానికి వెళ్తే పెద్దాయన నా చెయ్యి పట్టుకుని "నిద్రపోయానేమో బాబూ, అందరూ అంటున్నారుగా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

అందుకే ఈ పెట్టె పరిగెత్తాలి. ఎలాగైనా పరిగెత్తాలి. ఆ గోడ కిందే బావ ఉంటాడు.

తమ్ముడు


షాపు
ఆదివారం

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివాక షాపు షట్టర్ సగం దించేసి కూర్చున్నాను. పాప వచ్చి అమ్మా ఎవరైనా పోయారా అని అడిగింది.

తిట్టడానికి టైము లేదు కాబట్టి ఒక్క మాటే తిడతాను. మనుషుల ప్రాణాలు కాచే యంత్రాన్ని ఎవరైనా ఓవర్‌క్లాక్ చేస్తారా, వెధవా? ఓపికకి మించి తోలితే అది తప్పు లెక్క చెప్పొచ్చు, మధ్యలో ఆగిపోవచ్చు. ముందు ఆ నలభై నాలుగు తీసేసి పాత అంకె పెట్టు.

ఇప్పుడు శ్రద్ధగా చదువు. ఆ ప్రాసెసర్ సొంత వేగం మూడున్నర. మనమేమీ పెంచకపోయినా, లెక్క కడుతున్నప్పుడు మూడున్నర రావాలి. నీకు రెండు పాయింట్ ఒకటి వస్తోంది. నీ ఓవర్‌క్లాక్ ఎక్కకపోవడం కాదు అసలు సంగతి, దానికున్న వేగాన్నే ఏదో పట్టి ఉంచుతోంది. నువ్వు పైనుంచి లాగుతున్నావు, ఎవరో కిందనుంచి కాలు పట్టుకున్నారు. వేడికి తగ్గుతోందా అంటే, వేడికైతే అంకె ఊగుతుంది, పెట్టె కాలిపోతుంది. నీది చల్లగా ఉందంటున్నావు. పైగా రెండు పాయింట్ ఒకటంటే మూడున్నరలో సరిగ్గా అరవై శాతం. యంత్రం తనంతట తాను అలసిపోతే ఇంత లెక్కగా అలసిపోదు. ఆ అరవై ఎవరో పెట్టింది.

కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరువు. అక్కడ ఏ ప్లాన్ ఎంచుకుని ఉందో చూడు. లోపల ప్రాసెసర్ గరిష్ఠంగా ఎంత శాతం పనిచేయాలో రాసి ఉంటుంది. అది నూరు ఉండాలి. ఆ ప్లాన్ల పేర్లన్నీ ఉన్నవి ఉన్నట్టు నాకు రాసి పంపు.

ఈ అరవై అనే అంకె నాకు ఎక్కడో తగిలింది. ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. పొద్దున్నుంచి అదే బుర్రలో తిరుగుతోంది.

మీ బావ ఎలా ఉన్నాడో ఈసారి పూర్తిగా రాయి. ఆయనకి బీపీ ఉంది, మందులు వేసుకుంటున్నాడా? నువ్వు దాచేది ఇంకేమైనా ఉంటే అది కూడా ఈ ఉత్తరంలోనే రావాలి.

అక్క


గోడ గది
బుధవారం

అక్కా,

నీ నోట్లో చక్కెర పొయ్యాలి. దొరికింది!

పవర్ ఆప్షన్స్‌లో మూడు ప్లాన్లున్నాయి. మొదటిది బ్యాలెన్స్‌డ్, రెండోది హై పెర్ఫార్మెన్స్, మూడోది 'పాప నిద్ర'. అవును, అలాగే ఉంది. చదివి నవ్వుకున్నాను. పాత ఆపరేటర్ ఎవరో సరదాకి పెట్టి ఉంటాడు. ఎంచుకుని ఉన్నది అదే, లోపల గరిష్ఠం అరవై. నువ్వు అక్కడ కూర్చుని ఇక్కడ అంకె చెప్పావంటే నీకు దణ్ణం పెట్టాలి. నలభై నాలుగు తీసేసి, హై పెర్ఫార్మెన్స్ పెట్టాను. వెంటనే మూడున్నరకి లేచింది. ఫ్యాన్ విమానంలా మోత మొదలెట్టింది. లెక్క అరగంటలో వచ్చేసింది.

ఇంతవరకు మంగళవారం సంగతి. ఈ పొద్దున అద్దాలు తుడవడానికి వెళ్ళాను. గట్టు పొడవునా అక్కడక్కడ కొలతకోసం అద్దాలు బిగించి ఉంటాయి, దుమ్ము పడితే రోజూ తుడవాలి. తిరిగొచ్చి చూస్తే గది నిశ్శబ్దంగా ఉంది. వేగం రెండు పాయింట్ ఒకటి. ప్లాన్ మళ్ళీ 'పాప నిద్ర'.

మళ్ళీ మార్చాను గానీ రేపు కూడా ఇలాగే ఉంటుందేమోనని భయంగా ఉంది. గది తాళంచెవులు రెండే. ఒకటి నా దగ్గర, ఒకటి బావ దగ్గర. గేటు దగ్గర గార్డుని అడిగితే ఎవరూ రాలేదన్నాడు. పైగా, ఆ గదిలో ఇంతకుముందు ఉన్నవాడు కూడా యంత్రం తనంతట తాను మాట్లాడుతుందని చెప్పి ఉద్యోగం మానేశాడని ఒక కాకమ్మ కబురు వినిపించాడు. నేను నమ్మను. అయినా ఈ గదిలోకి వచ్చేముందు ఇప్పుడు తలుపు తడుతున్నాను, లోపల ఎవరూ లేరని తెలిసి కూడా. కంప్యూటర్‌కి ఏదైనా వైరస్ పట్టిందంటావా? ఆ ప్లాన్ తీసేస్తే పోతుందా?

బావ గురించి. ఒట్టు వేయించుకున్నాడు గానీ నువ్వు దాచొద్దన్నావు కాబట్టి చెప్పేస్తున్నాను. రెండో మేస్త్రీ మానేసి నెల దాటింది. అప్పట్నుంచి రెండు షిఫ్టులూ బావే చూస్తున్నాడు. ఒక షిఫ్టు అయ్యాక ఇంకో షిఫ్టు వాళ్ళు కిందకి దిగి యంత్రాలు సర్దుకునే దాకా కాస్త సందు దొరుకుతుంది. నేను అద్దాలు తుడవడానికి వెళ్ళినప్పుడు వచ్చి ఈ గదిలో బల్ల మీద ఒక కునుకు తీస్తాడు. క్వారీ మొత్తంలో దుమ్ము లేని గది ఇదొక్కటే. నేను తిరిగొచ్చేసరికి లేచి కిందకి పోతుంటాడు. "మీ అక్కకి చెప్పావో, చంపేస్తా" అంటాడు. మందులు వేసుకుంటున్నాడు, నేను చూశాను.

నిన్నటినుంచి వాన. గోడ పై అంచున కొత్తగా ఒక బీట కనిపిస్తోంది. తెర ఇంకా పచ్చగానే ఉంది.

తమ్ముడు


షాపు
గురువారం, లారీ బయట ఆగి ఉంది

తమ్ముడూ,

వైరస్ కాదు, దెయ్యం కాదు. మీ బావ.

పాప పుట్టిన కొత్తలో నువ్వు హాస్టల్లో ఉన్నావు, నీకు తెలియదు. మా గదిలో పాత లాప్‌టాప్ ఫ్యాన్ మోతకి పాప ఉలిక్కిపడి లేచేది. అప్పుడు నేనే ఒక ప్లాన్ తయారు చేశాను. ప్రాసెసర్ అరవై దాటకూడదు, వేడి పుట్టదు, ఫ్యాన్ తిరగదు. దానికి 'పాప నిద్ర' అని పేరు పెట్టాను. ఎలా చేయాలో ఆయనకీ నేర్పాను. కంప్యూటర్ గురించి మీ బావకి వచ్చిన పని ఈ జన్మకి అదొక్కటే. పెట్టడం వచ్చు గానీ తీయడం ఎప్పుడూ గుర్తుండేది కాదు, పొద్దున్నే నేనే మార్చుకునేదాన్ని. పిల్లను చంకనెత్తుకుని ఊరంతా వెతికినట్టు, ఆ అరవైని నాలుగు రోజులు వెతికాను.

ఫ్యాన్ మోతకి నిద్ర పట్టక పెట్టుకున్నాడు. ఆ మోత తన నెత్తిమీద గోడని కాస్తోందని ఆయనకి తెలియదు. నువ్వు చెప్పలేదు, తెర కేసి చూసే ఓపిక ఆయనకి లేదు.

నీ ఉత్తరం అందగానే క్వారీ ఆఫీసుకి ఫోన్ చేశాను. వానకి లైను పోయింది. నన్నూ ఎక్కించుకోమంటే, దారి బాగోలేదు, ఆడమనిషిని తీసుకెళ్ళి ఏమైనా అయితే ఎవరికి జవాబు చెప్పాలని బాబాయ్ ఒప్పుకోలేదు. ఈ ఉత్తరం నీ చేతిలోనే పెట్టమని, దారిలో టీకి కూడా ఆగొద్దని ఒట్టు వేయించుకున్నాను.

ఇది చదవగానే గదికి పరిగెత్తు. ఆయన నిద్రపోతూ ఉంటే పోనీ. ముందు ప్లాన్ మార్చు, తర్వాతే ఆయన్ని లేపు. కింద ఒక్క మనిషి ఉన్నా పైకి పిలిచెయ్. మేనేజర్ అరిస్తే అరవనీ.

బాబాయ్ హారన్ కొడుతున్నాడు, గబగబా రాస్తున్నాను. అక్షరాలు అర్థమవుతాయి కదా.

అక్క


క్వార్టర్స్
శనివారం

అక్కా,

బావ క్షేమం. నేనూ క్షేమం. మిగతాది నెమ్మదిగా చదువు.

శుక్రవారం అద్దాలు తుడుస్తుంటే బాబాయ్ వానలో లారీ దిగి, ఉత్తరం చొక్కా లోపల పెట్టుకుని గట్టెక్కి వచ్చాడు. చదివి పరిగెత్తాను. తలుపు తీస్తే గది నిశ్శబ్దంగా ఉంది. బావ బల్ల మీద అటు తిరిగి, నోరు తెరిచి నిద్రపోతున్నాడు. తెర పచ్చగా ఉంది. కిటికీలోంచి చూస్తే మన వాళ్ళు కిందకి దిగేశారు, డ్రిల్లు బిగిస్తున్నారు.

నువ్వు చెప్పినట్టే ముందు ప్లాన్ మార్చాను. ఫ్యాన్ ఒక్కసారి మోత మొదలెట్టింది. బావ నిద్రలోనే చెయ్యి ఊపి, "పాప లేస్తుంది, ఆపు" అన్నాడు. అక్కా, ఆ మాట నా చెవుల్లోంచి పోవడం లేదు.

సగంలో ఉన్న లెక్క పరుగందుకుంది. దానికోసం ఆగకుండా సైరన్ మీట నొక్కేశాను. నొక్కుతుండగానే, నా కళ్ళముందే తెర ఒక మూలనుంచి ఎర్రబడుతూ వచ్చింది. బావ దిగ్గున లేచి, తెర వైపు చూసి, చెప్పులు కూడా వేసుకోకుండా కిందకి పరిగెత్తాడు. అందరినీ ర్యాంపు మీదికి తోలాడు. డ్రిల్లు వదిలి రానన్న కుర్రాణ్ణి కాలర్ పట్టుకుని లాక్కొచ్చాడు. పైకొచ్చాక వేలు పెట్టి ఒక్కొక్కరినీ లెక్కపెడుతుండగా గోడ కూలి కిందకి వచ్చేసింది. పెద్ద చప్పుడేమీ లేదు. ఒళ్ళంతా దుమ్ము కప్పేసిందంతే. దుమ్ము తగ్గాక చూస్తే డ్రిల్లు లేదు, దారి లేదు, పెద్దాయన పొక్లెయిన్ మీద పెచ్చు పడిన చోటు కూడా లేదు.

బావ వచ్చి నా భుజం మీద కొట్టి "నీ పెట్టె భలే పని చేసిందిరా" అన్నాడు. ఆయనకి తెలియదు. నేను చెప్పలేదు.

సాయంత్రం కూర్చుని పెద్దాయనకి దెబ్బ తగిలిన రోజు లెక్క తీసి చూశాను. ఆ రోజు కూడా పెట్టె అరవై మీదే ఉంది. పెచ్చు పడిన పది నిమిషాలకి ఎరుపు వచ్చిందన్నానుగా. అదే లెక్క పూర్తి వేగంతో నడిపి చూశాను. పెచ్చు పడటానికి పది నిమిషాల ముందే వచ్చింది. పది నిమిషాలక్కా. పొక్లెయిన్ దిగి నడుచుకుంటూ వచ్చేయొచ్చు.

అది చూశాక ఏం చేస్తున్నానో నాకే తెలియలేదు. 'పాప నిద్ర' తీసేశాను. ఇప్పుడు ఆ జాబితాలో రెండే ఉన్నాయి. విచారణ వాళ్ళు బుధవారం వస్తున్నారు. యంత్రం పాతది, నెమ్మది అని చెబితే నమ్ముతారు. పెద్దాయన నిద్రపోయాడని మేనేజర్ ఎలాగూ రాసేశాడు. ఈ సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. బావకి తెలిస్తే ఆ మనిషి బతకలేడు. పెద్దాయన్ని రోజూ వెళ్ళి చూసి వస్తున్నాడు, తన చేత్తో గడ్డం గీస్తున్నాడు.

ఏం చేయమంటావు? నువ్వు ఎలా చెబితే అలా చేస్తాను.

తమ్ముడు


షాపు
ఆదివారం

తమ్ముడూ,

ఆయన క్షేమమన్న ముక్క మళ్ళీ మళ్ళీ చదివాను. మిగతాది చదవడానికి చాలాసేపు పట్టింది.

నాకు కూడా నువ్వు చేసిందే చేయాలనిపించింది. దాచుకోవడం దేనికి. రేపటి లారీకి నీకు 'సరే' అని ఒక్క మాట రాసి పంపేస్తే చాలు. మన ఇల్లు మనకుంటుంది. రాయడానికి కూర్చున్నాను కూడా. అప్పుడు పాప లోపల్నుంచి పాత పుస్తకం తెచ్చింది, అందులో పెద్దాయన చేసిచ్చిన కాగితం పిట్ట ఉంది.

నువ్వు తీసేసిన పేరు మళ్ళీ పెట్టకు, అది ఇంకో అబద్ధం అవుతుంది. ఉన్నది, తీసేశాను, భయపడి తీసేశాను అని నువ్వే చెప్పు. ఆ రెండు లెక్కలూ చూపించు. మా లాప్‌టాప్‌లో ఆ ప్లాన్ ఇంకా ఉంది, నేను తెస్తున్నాను. మంగళవారం బస్సుకి బయల్దేరుతున్నాను, దారి బాగోకపోతే నడిచి వస్తాను. మీ బావకి నువ్వు చెప్పొద్దు. నేర్పింది నేను, నేనే చెబుతాను. ఆయన ఏమైపోతాడో నాకూ భయంగానే ఉంది. పక్కన కూర్చుంటాను. అంతకంటే నా చేతిలో ఏముంది?

నేను వచ్చేలోపు నువ్వు చేయాల్సింది ఒకటే. ఈ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని పెద్దాయన దగ్గరికి వెళ్ళు. కాలు పోయిన మనిషి, ఆ తప్పు కూడా తనదేనని నమ్ముకుని పడుకున్నాడు. ఆ రోజు ఆయన నిద్రపోలేదని చెప్పు.

అక్క